కొండెక్కే ముందు కారు ముందు చక్రాలు చెక్ చేద్దాం: మీ ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

స్లో మోషన్ కెమెరా, యాక్సిలరోమీటర్, మైక్, టార్చ్. బడ్జెట్ ఫోన్‌లో కూడా ఇప్పుడు ఇవన్నీ ఉంటున్నాయి. మరి కారు ముందు భాగం నుంచి "కట కట" అని సౌండ్ వస్తుంటే, స్టీరింగ్ కాస్త వదులుగా అనిపిస్తుంటే, సమస్య ఎక్కడుందో ఫోన్‌తో కనిపెట్టొచ్చా? తిరుపతిలో, చిత్తూరులో ఉండేవాళ్లకి ఇది టైంపాస్ ప్రశ్న కాదు. ఇంటికి చుట్టాలు వచ్చినా, బిడ్డకి పుట్టెంట్రుకలు తీయించాలన్నా, పాత కారైనా సరే ఘాట్ రోడ్డు ఎక్కాల్సిందే.

అందుకే ఈసారి ఫోన్‌ని కాకుండా, ఫోన్‌తో కారుని రివ్యూ చేశాను. రిజల్ట్ ముందే చెప్పేస్తా. ఫోన్ కెమెరా బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఫోన్ సెన్సర్ సగం నిజమే చెబుతుంది. ఆ చెప్పని సగంలోనే అసలు ప్రమాదం ఉంది.

ఘాట్ రోడ్డులో ముందు చక్రాలకే ఎందుకంత పని?

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో మొదలైంది. దాని రూపకల్పన వెనుక ఉన్న ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. సుమారు 19 కి.మీ. పొడవు, 36 హెయిర్‌పిన్ మలుపులు. 1974లో రెండో రోడ్డు వచ్చాక అది పైకి వెళ్లడానికి, పాతది కిందకి దిగడానికి అయ్యాయి. అంటే ఎక్కువ మలుపులున్న రోడ్డులోనే మనం కిందకి దిగుతున్నాం.

స్పీడ్ తగ్గించడానికి టీటీడీ పైకి 28 నిమిషాలు, కిందకి 40 నిమిషాల కనీస సమయం పెట్టింది. లెక్క వేస్తే కిందకి వచ్చేటప్పుడు సగటు వేగం గంటకి 28 కి.మీ. మాత్రమే. "ఇంత స్లోగా వెళ్తే కారుకి ఏమవుతుందిలే" అనిపిస్తుంది. కానీ దిగేటప్పుడు బ్రేక్ తొక్కిన ప్రతిసారీ బండి బరువు ముందుకి ఒరుగుతుంది. అదే సమయంలో స్టీరింగ్ దాదాపు చివరిదాకా తిరుగుతుంది. కుడి మలుపులో ఎడమ చక్రం మీద భారం, వెంటనే ఎడమ మలుపులో కుడి చక్రం మీద. ఇలా భారం అటూ ఇటూ మారడమే ముందు సస్పెన్షన్‌కి అసలైన పరీక్ష. ఎక్కడైనా అరిగిపోయి ఖాళీ ఏర్పడితే, ఆ ఖాళీ బయటపడేది ఇలాంటి చోటే.

అరిగేవి ఏవి?

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటికీ ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్ ఉంటుంది. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజినీరు పేరు అది. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు యూనిట్‌గా ఉంటాయి. చెక్ చేయాల్సిన పార్టులు ఇవి:

- లోయర్ ఆర్మ్, దాని బుష్‌లు: చక్రాన్ని కారు బాడీకి కలిపి ఉంచే చెయ్యి. బుష్ అంటే మధ్యలో ఉండే రబ్బరు.
- బాల్ జాయింట్: లోయర్ ఆర్మ్ చివర ఉండే కీలు, మన తుంటి కీలు లాంటిదే. ఇది ఊడితే చక్రం పక్కకి మడత పడుతుంది.
- టై రాడ్ ఎండ్: స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని తిప్పేది ఇదే. ఇది ఊడితే ఆ చక్రం ఇక స్టీరింగ్ మాట వినదు.
- లింక్ రాడ్: మలుపుల్లో కారు ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ని స్ట్రట్‌కి కలిపే చిన్న రాడ్డు.
- స్ట్రట్ మౌంట్: స్ట్రట్ పైభాగంలో ఉండే రబ్బరు, బేరింగ్.
- వీల్ బేరింగ్, స్టీరింగ్ రాక్, వాటి మీద ఉండే రబ్బరు బూట్లు.

ఓబీడీ డాంగిల్ పెడితే ఇవన్నీ తెలిసిపోతాయని చాలామంది అనుకుంటారు. తెలియవు. బాల్ జాయింట్‌కి, టై రాడ్ ఎండ్‌కి సెన్సరే లేదు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ మోటార్‌లో లోపం వస్తే ఎర్రర్ కోడ్ రావచ్చు. కీలు అరిగితే మాత్రం ఏ కోడూ రాదు.

టెస్ట్ కారు, టెస్ట్ రూట్

మా మామ దగ్గర పదేళ్లు దాటిన ఒక హ్యాచ్‌బ్యాక్ ఉంది. వారం రోజుల్లో మనవడికి పుట్టెంట్రుకలు. అమ్మమ్మతో సహా ఐదుగురు కొండకి వెళ్లాలి. "స్పీడ్ బ్రేకర్ మీద కట కటా అంటా ఉండాది, నీ ఫోన్లో ఏందో చూస్తావంట కదా, చూడరా" అన్నాడు. ఇంతకంటే మంచి టెస్ట్ కేసు దొరకదు.

నేను వాడిన యాప్ ఫైఫాక్స్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసిన ఫ్రీ యాప్ ఇది. ఆండ్రాయిడ్‌లోనూ, ఐఫోన్‌లోనూ ఉంది. ఫోన్‌ని డ్యాష్‌బోర్డ్ మీద డబుల్ టేప్‌తో కదలకుండా అతికించి, తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా చిత్తూరు వైపు హైవే మీద కొంత దూరం, తర్వాత ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మీద రికార్డ్ చేశాను. నడిపింది మామ, స్క్రీన్ చూసింది నేను. ఒక్కరే ఉంటే ఈ పని పెట్టుకోకండి.

యాప్ ఏం చెప్పింది?

లెక్క సింపుల్. 175/65 ఆర్14 టైరు చుట్టుకొలత సుమారు 1.83 మీటర్లు. గంటకి 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకి దాదాపు 9 సార్లు, 80లో 12 సార్లు తిరుగుతుంది. వీల్ బ్యాలెన్సింగ్ పోయి ఉంటే గ్రాఫ్‌లో సరిగ్గా ఆ 9 దగ్గర, ఆ 12 దగ్గర శిఖరం కనిపించాలి. వేగం మారితే శిఖరం కూడా జరగాలి. జరగకుండా ఒకే చోట ఉంటే అది చక్రం పని కాదు. సెకనుకి 100 సార్లు కొలిచే మామూలు యాక్సిలరోమీటర్ కూడా దీనికి చాలు.

మామ కారులో అలాంటి శిఖరం లేదు. హైవే గ్రాఫ్ నీట్‌గా ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం ప్రతిసారీ ఒక చిన్న పదునైన గీత, దాంతోపాటే "కటక్" అనే సౌండ్ రికార్డయ్యాయి. యాప్ ప్రకారం చూస్తే ఉన్నది ఒకే ఒక్క చిన్న సమస్య.

యాప్ ఏం చెప్పలేదు?

రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకి కారు తీసుకెళ్లి, మెకానిక్ అన్నకి గ్రాఫ్ చూపించాను. ఆయన చూసి, "గ్రాఫు బాగానే ఉండాది సామీ. ఇప్పుడు చక్రం చూద్దాం పట్టు" అన్నాడు.

జాకీ మీద లేపి చూస్తే మూడు విషయాలు బయటపడ్డాయి. కట కట అనేది ఎడమ లింక్ రాడ్. యాప్ పట్టుకున్నది దాన్నే. కుడి టై రాడ్ ఎండ్‌లో ప్లే ఉంది, చక్రం ఊపితే చేతికి టక్ మని తగులుతోంది. కుడి బాల్ జాయింట్ రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, లోపలికి దుమ్ము చేరింది. రాడ్డు పెట్టి ఎత్తితే అక్కడా కదలిక ఉంది. ఈ రెండిటి గురించీ యాప్ ఒక్క ముక్క చెప్పలేదు.

మామని ఇబ్బంది పెట్టిన సౌండ్ మూడిటిలోకీ తక్కువ ప్రమాదం. సౌండ్ చేయకుండా ఉన్నవే కొండ మీద భయపెట్టేవి.

ఎందుకిలా? యాక్సిలరోమీటర్ మళ్లీ మళ్లీ వచ్చే కదలికని బాగా పట్టుకుంటుంది. కీలులో ప్లే అలాంటిది కాదు. అది ఒక ఖాళీ. తిన్నగా ఒకే వేగంతో వెళ్తుంటే భారం ఒకవైపే ఉంటుంది కాబట్టి కీలు ఒక పక్కకి ఆనుకుని బుద్ధిగా కూర్చుంటుంది. భారం దిశ మారినప్పుడే ఖాళీలో అటునుంచి ఇటు దూకుతుంది. పైగా ఆ దూకుడు రబ్బరు బుష్‌లు, స్ప్రింగు, బాడీ దాటి డ్యాష్‌బోర్డ్‌కి చేరేలోపు చాలావరకు ఇంకిపోతుంది.

ఇంకో మాట. బ్యాలెన్సింగ్ లోపం వల్ల పుట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 80లో ఉన్న అదురు, ఘాట్‌లో 28కి వచ్చేసరికి దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. కీలులో ప్లే వేగంతో తగ్గేది కాదు. బ్రేకు, మలుపు కలిసిన చోట అది పైకొస్తుంది. కాబట్టి "చిత్తూరు దాకా 80లో వెళ్లొచ్చాను, కారు అదరలేదు, కొండకి ఓకే" అనే లెక్క చెల్లదు. హైవే పరీక్ష వేరు, ఘాట్ పరీక్ష వేరు.

ఇంట్లోనే మీరు చేయగలిగే చెక్‌లు

1. టైర్లు చదవండి. రెండు ముందు టైర్లకీ ఒకే కోణంలో టార్చ్ వేసి ఫోటో తీసి, పక్కపక్కన పెట్టి చూడండి. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, లేదా ఏదో బుష్ పోయింది. గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్, బ్యాలెన్సింగ్ మీద అనుమానం. అరచేత్తో టైరు మీద అడ్డంగా రాయండి. ఒకవైపు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు గరుకుగా తగిలితే టో సెట్టింగ్ తేడా. గాడి లోతు 1.6 మి.మీ. గుర్తుకి చేరితే టైరు మార్చాల్సిందే.

2. స్టీరింగ్ ఫ్రీ ప్లే. కారు ఆపి, చక్రాలు తిన్నగా పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచండి. ఒకరు స్టీరింగ్‌ని వేళ్లతో మెల్లగా అటూ ఇటూ కదిపితే, ఇంకొకరు టైరుని వీడియో తీయాలి. టైరు కదలకుండా స్టీరింగ్ అంచు ఎంత దూరం తిరిగిందో చూడండి. చిన్న కార్ల మాన్యువల్స్‌లో సాధారణంగా 30 మి.మీ. లోపు అని ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఉన్న అంకెనే ఫైనల్‌గా తీసుకోండి.

3. స్లో మోషన్ టెస్ట్. నాకు బాగా నచ్చింది ఇదే. కారు నేల మీదే, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. ఫోన్‌ని సెల్ఫీ స్టిక్‌తో చక్రం వెనుక నేల మీద పెట్టి, టై రాడ్ ఎండ్ ఫ్రేమ్‌లో ఉండేలా చూసుకోండి. ఫోన్ పెట్టి చెయ్యి బయటికి తీసేశాకే స్టీరింగ్ కదపాలి. 120 ఫ్రేమ్‌ల స్లో మోలో రాడ్డు, దానికి బిగించిన చక్రం భాగం రెండూ కలిసి కదలాలి. రాడ్డు ముందు కదిలి, ఒక క్షణం ఆగి చక్రం కదిలితే మధ్యలో ఖాళీ ఉన్నట్టే. మామ కారులో ఇది కుడివైపు స్పష్టంగా కనిపించింది. కంటికి అంత తేలిగ్గా దొరకని తేడా అది. టిప్: పగటి వెలుతురులో తీయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షెడ్డు లైట్ల కింద స్లో మో వీడియో మిణుకుమంటుంది.

4. రబ్బరు బూట్లు. స్టీరింగ్‌ని చివరిదాకా తిప్పి ఇంజన్ ఆపేసి, చక్రం వెనుక టార్చ్‌తో ఫోటోలు తీయండి. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, రాక్, యాక్సిల్ బూట్లలో చిరుగు ఉందా? రిమ్ లోపలివైపు గ్రీజు చిమ్మిందా? స్ట్రట్ మీద ఆయిల్ తడి ఉందా? బూటు చిరిగిందంటే కీలు ఇవాళ బాగున్నా ఎక్కువ కాలం ఉండదు.

5. బౌన్స్ టెస్ట్. బానెట్ మూలని గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ పోయింది. ఇక్కడ ఫైఫాక్స్ పనికొస్తుంది: ఫోన్‌ని రెండు వైపులా ఒకే చోట పెట్టి కుడి ఎడమల గ్రాఫ్ పోల్చండి. కానీ పూర్తిగా పోయిన షాక్ అబ్జార్బర్‌నే ఇది పట్టిస్తుంది, సగం అరిగినదాన్ని కాదు.

6. స్ట్రట్ మౌంట్. బానెట్ ఎత్తి, స్ట్రట్ పైభాగం దగ్గర చెవి పెట్టి, ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి. స్ప్రింగు "టంగ్" మని విడిచినట్టు వస్తే బేరింగ్ పట్టేస్తోంది.

చక్రం ఎత్తి చూసే టెస్ట్: దీనికి యాప్ లేదు

ఇది మెకానిక్ దగ్గర, మీరు పక్కనే నిలబడి చూడాల్సిన టెస్ట్. సమతలమైన నేల, వెనుక చక్రాలకి రాళ్లో చెక్కలో అడ్డం, జాకీతో పాటు స్టాండ్ తప్పనిసరి. కేవలం జాకీ మీద ఉన్న కారు కింద తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకండి.

చక్రాన్ని గడియారంలో 3, 9 దగ్గర పట్టుకుని ఊపాలి. ప్లే తగిలితే టై రాడ్ ఎండ్ లేదా రాక్. తర్వాత 12, 6 దగ్గర పట్టుకుని ఊపాలి. ప్లే తగిలితే బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. ఏదో తేల్చడానికి ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. ప్లే మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్ వైపు చూడాలి. చివరగా చక్రం చేత్తో తిప్పితే "గర్ర్" మనకూడదు.

ఇన్నోవా లాంటి డబుల్ విష్‌బోన్ బండ్లలో స్ప్రింగు భారం లోయర్ ఆర్మ్ మీద ఉంటుంది. వాటికి జాకీని లోయర్ ఆర్మ్ కింద పెట్టి ఎత్తితేనే బాల్ జాయింట్ వదులై ప్లే తెలుస్తుంది. ట్యాక్సీ మాట్లాడుకుని కొండకి వెళ్లేవాళ్లు ఎక్కువగా ఎక్కేవి ఇలాంటి బండ్లే కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

బైక్ ఉన్నవాళ్లకి

సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపండి. ఫోర్క్ కింది భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్ మంటే కోన్‌సెట్ లూజు. హ్యాండిల్‌ని మెల్లగా తిప్పితే మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ అరిగింది. ఫోర్క్ పైపు మీద ఆయిల్ గీత ఉంటే ఆయిల్ సీల్ పోయింది.

వైబ్రేషన్ కొలుద్దామని ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించకండి. బైక్ ఇంజన్ అదురు వల్ల కెమెరాలోని ఇమేజ్ స్టెబిలైజేషన్ దెబ్బతినే అవకాశం ఉందని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. కోన్‌సెట్ చెక్ చేయబోయి కెమెరా పోగొట్టుకోవద్దు.

ఏది ఆగొచ్చు, ఏది ఆగకూడదు?

- లింక్ రాడ్ సౌండ్: చిరాకే కానీ సాధారణంగా కొన్ని రోజులు ఆగొచ్చు.
- బుష్ పగుళ్లు, షాక్ అబ్జార్బర్ లీకు: కొండకి వెళ్లే ముందు చేయించాలి.
- టై రాడ్ ఎండ్, బాల్ జాయింట్‌లో ప్లే, వీల్ బేరింగ్ ఊగడం: ఘాట్ సంగతి అటుంచండి, ఊళ్లో కూడా తిప్పకండి.

టై రాడ్ ఎండ్ గానీ, లోయర్ ఆర్మ్ గానీ మారిస్తే వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. ప్లే ఉన్న కారుకి ముందుగా అలైన్‌మెంట్ చేయిస్తే ఆ డబ్బు దండగ. కొలత నిలవదు. ముందు పార్టు, తర్వాత అలైన్‌మెంట్. మామ కారుకి అదే వరసలో కుడి టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, ఎడమ లింక్ రాడ్ మార్చాం. చాలా చిన్న కార్లలో బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది. పాత పార్టు చేతిలోకి తీసుకుని కదిపి చూడండి. కొత్తదాని కీలు బిగుతుగా, మెల్లగా తిరుగుతుంది. పాతది వేలితో తోస్తే వాలిపోతుంది. ఆ తేడా ఒక్కసారి చేతికి తెలిస్తే ఇక మర్చిపోరు.

మా రేటింగ్

- కెమెరా (స్లో మో, ఫోటో): 5కి 4.5. చెయ్యి దూరని చోటికి కన్ను పంపినట్టే.
- టార్చ్: 5కి 5. సందేహమే లేదు.
- మైక్: 5కి 3. మెకానిక్ దగ్గరికి వెళ్లగానే సౌండ్ మాయమయ్యే కార్లకి రికార్డింగ్ సాక్ష్యం. నాయిస్ రిడక్షన్ ఆఫ్ చేసి రికార్డ్ చేయండి. సౌండ్ ఎక్కడినుంచో మాత్రం ఇది చెప్పదు.
- యాక్సిలరోమీటర్: 5కి 2.5. హైవే అదురుకి సూపర్, కీలులో ప్లేకి సున్నా.
- ఓబీడీ డాంగిల్: ఈ పనికి కొనకండి.

ఈ ఆదివారం ఉదయం అరగంట తీయండి. మొదటి నాలుగు చెక్‌లూ చేసి, ఫోటోలు, వీడియోలు తేదీతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అదే కోణంలో తీసి పోల్చండి. గ్రాఫ్ బాగుందని మాత్రం అలిపిరి దాటకండి. ముందు ఎవరో ఒకరు ఆ చక్రాన్ని ఎత్తి, చేత్తో ఊపి చూడాలి.